ఎవరో ఏరిన 13 పాటలు

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. లీడ్స్‌లో ఛారిటీ షాపులో రెండు పౌండ్లకి దొరికిందన్న జార్జ్ హారిసన్ రికార్డు అట్ట మూలలు నలిగినా లోపల ప్లేటు మీద పెద్ద గీతలేమీ లేవు. మంచి బేరమే. నువ్వు రెండు ప్రశ్నలడిగావు. ‘గ్రేటెస్ట్ హిట్స్ కొనేవాళ్లకి సంగీతం తెలియదు’ అని బ్యాండులో నీ స్నేహితులు తీసిపారేశారట, అది నిజమేనా అన్నది ఒకటి. బీటిల్స్ నుంచి బయటికొచ్చాక అంత పేరు తెచ్చుకున్నవాడు తన రికార్డులో సగానికి సగం మళ్లీ బీటిల్స్ పాటలే ఎందుకు వేసుకున్నాడు, సొంత పాటలు చాలలేదా అన్నది రెండోది. ముందు రెండోదానికి జవాబు చెబుతాను. దాంట్లోనే మొదటిదానికీ జవాబు దొరుకుతుంది.

ఆయన వేసుకోలేదమ్మా. కంపెనీ వేసింది.

1976 జనవరితో ఈ.ఎం.ఐ. కంపెనీతో హారిసన్ ఒప్పందం తీరిపోయింది. అప్పటికే డార్క్ హార్స్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకుని ఉన్నాడు. మనిషి వెళ్లిపోయినా పాత పాటల మాస్టర్ టేపులు కంపెనీ చేతిలోనే ఉంటాయి కదా. ఆ ఏడాది నవంబరులో ‘ది బెస్ట్ ఆఫ్ జార్జ్ హారిసన్’ అని ఈ రికార్డు తెచ్చారు. మొదటి సైడంతా బీటిల్స్‌లో ఉండగా ఆయన రాసిన పాటలు ఏడు, రెండో సైడులో సొంతంగా చేసినవి ఆరు. ఏ పాటలు వేయాలో, రికార్డుకి ఏ పేరు పెట్టాలో ఆయన తన మాట చెప్పి పంపాడు. వాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. అంతకు ఏడాది ముందు జాన్ లెనన్‌కి ‘షేవ్డ్ ఫిష్’, రింగో స్టార్‌కి ‘బ్లాస్ట్ ఫ్రమ్ యువర్ పాస్ట్’ అని ఇలాంటి సంకలనాలే వచ్చాయి. ఆ రెండింట్లోనూ బ్యాండుతో పని లేకుండా సొంతంగా చేసిన పాటలే ఉన్నాయి. హారిసన్‌కి మాత్రమే సగం చోటు పాత బ్యాండుకి ఇచ్చారు. పైగా సరిగ్గా అదే నెలలో ఆయన కొత్త ఆల్బమ్ ‘థర్టీ త్రీ అండ్ ఎ థర్డ్’ సొంత కంపెనీ మీద విడుదలైంది. షాపులో ఒకే అరలో పాత కంపెనీ రికార్డు, కొత్త కంపెనీ రికార్డు పక్కపక్కన నిలబడ్డాయి.

నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించే సంగతి ఇది. ‘సమ్‌థింగ్’, ‘మై స్వీట్ లార్డ్’ రాసిన మనిషికి, నీ జీవితంలో సగం మేం చెప్పినట్టే లెక్క అని చెప్పడమే అది. ఆ 1976 నాటికి ఆయన వయసు 33.

నీ చేతిలో ఉన్నది ఆ మొదటి అచ్చు కాదు. అట్ట మీద ఎం.ఎఫ్.పి. అని ఉంది చూడు, అంటే మ్యూజిక్ ఫర్ ప్లెజర్. 1965లో ఈ.ఎం.ఐ., పాల్ హామ్లిన్ అనే పుస్తక ప్రచురణకర్త కలిసి పెట్టిన చవక లేబుల్ అది. రికార్డు కొనడానికి ప్రత్యేకంగా రికార్డు షాపుకి వెళ్లని మనుషుల కోసం పేపర్లమ్మే కొట్లలో, సూపర్ మార్కెట్లలో పెట్టి అమ్మేవారు. హారిసన్ సంకలనాన్ని 1981లో ఆ లేబుల్ మీద మళ్లీ వేశారు. ఇలాంటివి అంత చవగ్గా ఎలా ఇస్తారంటే, స్టూడియో ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చేసి ఉంటుంది. కొత్తగా పాడించాల్సిన పనిలేదు, ప్రచారానికి ఖర్చు లేదు. సాధారణంగా చవక రికార్డుల మీద పాడినవాళ్లకిచ్చే రాయల్టీ కూడా తక్కువ రేటుకే ఉంటుంది. రికార్డు చవగ్గా వచ్చిందంటే ఆ తగ్గింపులో కొంత కళాకారుడి వాటా నుంచి కూడా పోయిందని నువ్వు తెలుసుకోవాలి. పాటలు రాస్తానంటున్నావు కాబట్టి చెబుతున్నాను.

అయినా నీ స్నేహితుల మాట నేనొప్పుకోను. బజారుకెళ్లిన మనిషి ఉప్పూ పప్పుతో పాటు సంచీలో ఒక రికార్డు వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడంటే అందులో తక్కువేముంది? మన ఇంట్లో ఘంటసాల నీకెలా పరిచయమయ్యాడో గుర్తు తెచ్చుకో. ఒక్కో సినిమా వరసన కూర్చుని వినలేదు కదా. ఎవరో ఏరి కూర్చిన క్యాసెట్ల మీదే విన్నావు. ఏ పాట ఏ సినిమాలోదో, ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో తర్వాత ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నావు. గడప ఎక్కడో ఒక చోట ఉండాలి. నా పట్టింపల్లా ఆ గడప దగ్గరే ఆగిపోవద్దని. ఎవరు ఏరారు, ఎందుకు ఏరారు, ఏం వదిలేశారు అన్నవి ఈ రికార్డు పట్టుకున్న ప్రతిసారీ అడుగు.

దానికి ఒక పని చెబుతాను. ఈ 13 పాటల్నీ కంపెనీ పెట్టిన వరసలో వినకు. కాగితం మీద ఏళ్ల ప్రకారం రాసుకుని ఆ వరసలో విను. ముల్లు ఎత్తి పెట్టడం విసుగే, అయినా ఒక ఆదివారం ఓపిక చేసుకో. ముందు 1965 నాటివి రెండు, ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’, ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’. 1966లో ‘టాక్స్‌మాన్’. 1968లో ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’. 1969లో ‘సమ్‌థింగ్’, ‘హియర్ కమ్స్ ది సన్’. ‘ఫర్ యూ బ్లూ’ రికార్డింగు కూడా ఆ ఏడాది మొదట్లోదే, విడుదల 1970లో. ఇక విడిపోయాక 1970లో ‘మై స్వీట్ లార్డ్’, ‘వాట్ ఈజ్ లైఫ్’, 1971లో ‘బంగ్లాదేశ్’, 1973లో ‘గివ్ మీ లవ్’, 1974లో ‘డార్క్ హార్స్’, 1975లో ‘యూ’. కంపెనీ రెండు ముక్కలుగా కోసిన జీవితం ఇలా వింటే ఒక్కటిగా అతుక్కుంటుంది. పదేళ్లలో ఒక మనిషి పాట రాయడం ఎలా నేర్చుకున్నాడో చెవికి తెలుస్తుంది.

‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ దగ్గర కాసేపు ఆగు. నువ్వు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నావు కాబట్టి నీకు తొందరగా అందుతుంది. పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ మీద నడిచే ఆ పాటలో మొదటి భాగమంతా కింద షడ్జం కదలదు. పైన నిషాదం మామూలు మేజర్ స్కేలులో ఉండే కాకలి నిషాదం కాదు, కైశికి. అంటే శంకరాభరణం మెట్ల మీద కాకుండా హరికాంభోజి మెట్ల మీద నడుస్తోందన్నమాట. అమెరికాలో బర్డ్స్ అనే బ్యాండు వాయించే పన్నెండు తీగల పద్ధతి నుంచి తెచ్చుకున్నానని హారిసన్ దాచుకోకుండా చెప్పాడు. కానీ 1965 అక్టోబరులోనే, ఈ పాట ఉన్న ఆల్బమ్ కోసమే, ‘నార్వేజియన్ వుడ్’లో మొదటిసారి సితార్ పట్టుకున్నాడు. శ్రుతి నిలిపి ఉంచి దాని మీద పాట కట్టడం అనే ఆలోచన అప్పటికే ఆ చెవిలో పడిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నీ కాగితం మళ్లీ చూడు. 1966 తర్వాత ఏకంగా 1968. మధ్యలో ఖాళీ ఉంది కదా? మన దేశం ఉన్నది ఆ ఖాళీలోనే.

1966 వేసవిలో లండన్‌లో ఆయనకి రవిశంకర్ పరిచయమయ్యాడు. ఆ శరత్తులోనే ఇక్కడికి వచ్చి బొంబాయిలో, తర్వాత శ్రీనగర్‌లో కొన్ని వారాలు ఉండి సితార్ నేర్చుకున్నాడు. ఆ పరిచయానికి కాస్త ముందు రాసింది ‘లవ్ యూ టూ’, తర్వాత రాసినవి ‘విదిన్ యూ వితౌట్ యూ’, ‘ది ఇన్నర్ లైట్’. ఈ మూడోదాని వాద్యాలు 1968 జనవరిలో బొంబాయి హెచ్.ఎం.వి. స్టూడియోలో మనవాళ్లే వాయించారు. ఆషిష్ ఖాన్ సరోద్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు. ఈ మూడింట్లో ఒక్కటీ నీ రికార్డులో లేదు. కంపెనీవాళ్లకి అమ్మకాల లెక్కలో అవి ‘హిట్స్’ కావు. నిజమే, రేడియోలో మోగినవి కావు. కానీ ఆ రెండేళ్లు తీసేస్తే తర్వాత వచ్చిన పాటలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో అర్థం కాదు.

ఎలాగంటే, ‘హియర్ కమ్స్ ది సన్’ పెట్టుకో. 1969 వసంతం. బీటిల్స్ వ్యాపార సమావేశాలు తెగక, విసిగిపోయి, ఒకరోజు సమావేశం ఎగ్గొట్టి సర్రేలో స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి పోయాడు. చాలా పొడుగ్గా సాగిన చలికాలం తర్వాత ఎండ వచ్చిన రోజు. క్లాప్టన్ గిటార్ ఒకటి తీసుకుని తోటలో తిరుగుతూ ఈ పాట కట్టాడు. లీడ్స్ చలి ఎలా ఉందో నువ్వు రాశావు కాబట్టి ఆ సంతోషం నీకు నేను చెప్పక్కర్లేదు. పాట మధ్యలో సూర్యుణ్ని మూడుసార్లు పిలిచే భాగం వస్తుంది. అక్కడ చేత్తో తాళం వేసి చూడు. నాలుగు నాలుగుగా హాయిగా నడుస్తున్న లెక్క తడబడుతుంది. చిన్న అక్షరాలుగా లెక్కపెడితే ఒక ఆవృతానికి 11, తర్వాత 8, తర్వాత 7, కలిపి 26. మూడేసి మాత్రల ముక్కలు వరసగా పడుతూ వచ్చి, చివర మళ్లీ సమంలో కలుస్తాయి. మన కచేరీలో మృదంగం తీర్మానం ఎత్తుకున్నప్పుడు ఒంట్లో కలిగే బిగువే ఇక్కడా కలుగుతుంది. పాశ్చాత్య శ్రోత ఎవడూ లెక్కపెట్టడు, పాడుకుంటూ వెళ్లిపోతాడు. అంత సులువుగా వినబడేలా కట్టడమే గొప్ప. సితార్ పక్కన పెట్టేశాక కూడా ఆ చదువు ఆయన చేతిలోంచి పోలేదు.

ఇంకొక్క చిన్న మాట, నీ గిటార్ కోసం. ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’కీ, ‘హియర్ కమ్స్ ది సన్’కీ కేపో ఏడో ఫ్రెట్ దగ్గరే పెట్టాలి. చేతి ఆకారం కూడా రెండింటికీ డి కార్డే. నాలుగేళ్ల తేడాతో ఒకే చోట చెయ్యి పెట్టి రెండు పూర్తిగా వేరే లోకాలు తెచ్చాడు. ఒక సాయంత్రం ఒకదాని వెంట ఒకటి వాయించు. నేను ఎంత రాసినా అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది.

రెండో సైడు ‘మై స్వీట్ లార్డ్’తో మొదలవుతుంది. ఇది నీకు కొత్త పాట కాదు. కాకపోతే ఇప్పుడు గిటార్ వాయించే చెవితో విను. వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జారుస్తూ వాయించే స్లైడ్ పద్ధతిని ఆయన 1969 చివర్లోనే పట్టుకున్నాడు. ఇంగ్లీషు, అమెరికన్ గిటారిస్టులు స్లైడు వాయిస్తే బ్లూస్ వాసన వస్తుంది. హారిసన్ వాయిస్తే రాదు. స్వరం నుంచి స్వరానికి పోయే దారి శుభ్రంగా, గొంతుతో పాడినట్టు ఉంటుంది. మనవాళ్లు గమకాల్లో జారు అంటారే, అదే. ఫ్రెట్ల మీద తీగ లాగడం సితార్ దగ్గర నేర్చుకున్న మనిషి, సితార్ వదిలేశాక అది మళ్లీ దొరికే చోటు గిటార్ మీద వెతుక్కున్నాడని నా నమ్మకం. ఈ పాటలో అలాంటి గిటార్లు రెండు కలిసి నడుస్తాయి. వెనక పాడే కోరస్ కూడా జాగ్రత్తగా విను. మొదట చర్చిలో పాడే హల్లెలూయాలా మొదలై, ఎప్పుడు మారిందో తెలియకుండా కృష్ణ నామంలోకి వస్తుంది. చివరికొచ్చేసరికి గురువును త్రిమూర్తులతో పోల్చే శ్లోకం, నువ్వు బళ్లో రోజూ ప్రార్థనలో చెప్పిందే, ఆ కోరస్ గొంతుల్లోంచే వినబడుతుంది. 1970లో ఒక పాప్ రికార్డు మీద అది పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. ఆ పాట ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. బీటిల్స్ విడిపోయాక నలుగురిలో ముందుగా అలా వెళ్లింది ఆయన పాటే.

ఈ పాట మీద నడిచిన కోర్టు కేసు నువ్వు చదివి తీరాలి. పాటలు రాసే పిల్లవి కాబట్టి. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన ‘హి ఈజ్ సో ఫైన్’ బాణీని కాపీ కొట్టాడని దావా వేశారు. న్యూయార్క్‌లో విచారించిన జడ్జి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఆపెరాలు రాసిన సంగీతకారుడు. ఆయన రెండు ముక్కలుగా విడదీశాడు. ఒకటి మన స్వరాల్లో చెబితే ‘ప గ రి’. రెండోది ‘ప ద స ద స’. నువ్వు వెంటనే పట్టేస్తావు, ఇవన్నీ మోహనం స్వరాలే. వరవీణ గీతం నేర్చుకున్న ప్రతి పిల్లకీ చేతిలో ఉన్నవే. జడ్జి కూడా ఆ మాటే అన్నాడు, విడివిడిగా ఇవి ఎవరి సొత్తూ కావని. కానీ ‘ప గ రి’ నాలుగుసార్లు వచ్చి, దాని వెంట ‘ప ద స ద స’ వరసగా రావడం, పైగా ఆ రెండో ముక్క రెండోసారి వచ్చినప్పుడు సరిగ్గా ఒకే చోట ఒక చిన్న అనుస్వరం తగలడం రెండు పాటల్లోనూ ఉందని తేల్చాడు. కావాలని చెయ్యలేదు, తెలియకుండా మనసులోంచి వచ్చింది, అయినా కాపీయే అన్నాడు. తీర్పు 1976 ఆగస్టు 31న వచ్చింది. ఇంకో రెండు నెలలకి కంపెనీ అదే పాటని రెండో సైడు మొదట్లో పెట్టి సంకలనం అమ్మింది.

‘ఓ హ్యాపీ డే’ అనే చర్చి పాట వింటూ తన పాట కట్టానని హారిసన్ చెప్పుకున్నాడు. నేను ఆయన మాటే నమ్ముతాను. కానీ నీకు నా సలహా ఏమిటంటే, బాణీ తట్టగానే ఫోన్లో రికార్డు చేసి తేదీ వేసుకో. వారం ఆగి, నీకంటే ఎక్కువ పాటలు విన్న ఇద్దరికి వినిపించు. ‘ఇదెక్కడో విన్నట్టుందే’ అని ఎవరన్నా అంటే చిన్నబుచ్చుకోకు, ఎక్కడ విన్నారో వెతకండి అని కూర్చోబెట్టు. స్వరాలు అందరివీ. వాటి వరస, ఆ వరసలో పడే చిన్న విరుపు, అదే నీది.

‘గివ్ మీ లవ్’ గురించి నేనేమీ చెప్పను, హాయిగా విను. ‘యూ’లో గొంతు అంత పైకి ఎందుకెక్కిందో అని ఆశ్చర్యపడతావు. ఆ వాద్యాల భాగం 1971లో రానీ స్పెక్టర్ పాడటం కోసం ఆమె శ్రుతికి వాయించింది. నాలుగేళ్ల తర్వాత దాని మీద ఈయన పాడాడు. ‘డార్క్ హార్స్’లో బొంగురు గొంతు కావాలని చేసింది కాదు. 1974 అమెరికా టూరుకి ముందు గొంతు పూర్తిగా పాడైంది, అలాగే రికార్డు చేశారు. టూరులోనూ పత్రికలవాళ్లు ఆ గొంతు మీదే రాశారు. గొంతు కాపాడుకోవడం గురించి మీ అమ్మ ఫోన్‌లో చెప్పేది ఊరికే కాదు.

ఇక ‘బంగ్లాదేశ్’. ఈ చవక రికార్డంటే నాకు గౌరవం కలగడానికి కారణం ఈ పాట. 1971 జూలైలో సింగిల్‌గా వచ్చిన ఈ స్టూడియో రికార్డింగు అంతకుముందు ఏ ఆల్బమ్‌లోనూ లేదు. ఎల్పీ మీదకి ఎక్కింది ఈ సంకలనంతోనే. తూర్పు బెంగాల్లో యుద్ధం, లక్షల మంది శరణార్థులు. రవిశంకర్ బెంగాలీ, ఆ నేల మీద బంధుత్వం ఉన్నవాడు. వచ్చి స్నేహితుణ్ని సాయమడిగాడు. ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రోజు రెండు కచేరీలు. రెంటికీ కలిపి 40,000 మంది. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా ముందు వాయించారు. వాళ్లు శ్రుతి చేసుకోవడం ఆపగానే సభ చప్పట్లు కొట్టింది. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయింపు ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ నవ్వుతూ అన్నాడు. ఆ రోజు టికెట్ల మీద వచ్చింది 2,43,418 డాలర్ల 50 సెంట్లు, అంతా యూనిసెఫ్‌కి ఇచ్చారు. తర్వాత రికార్డు, సినిమా మీద వచ్చిన పెద్ద మొత్తాలు మాత్రం పన్ను శాఖ దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయాయి. కచేరీకి ముందే ధర్మసంస్థ పేరున కాగితాలు సిద్ధం చెయ్యకపోవడమే కారణం. ‘టాక్స్‌మాన్’ రాసిన మనిషికి పన్నుతో రెండోసారి ఎదురైన తలనొప్పి అది. మీ బ్యాండు వరద బాధితుల కోసం కచేరీ చేస్తుందని రాశావు. మంచి పని. ముందు యూనివర్సిటీ యూనియన్ ఆఫీసుకి వెళ్లి, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో కాగితం మీద రాయించుకో. ఆ తర్వాతే పోస్టరు.

చివరిగా, నీ ఉత్తరంలో ఒక మూల రాసి వదిలేసిన విషయం. మీ బ్యాండులో పాటలు రాసేవాళ్లు ఇంకో ఇద్దరున్నారనీ, వాళ్లవి ప్రాక్టీసుకి వస్తాయి గానీ నీ వంతు రావడం లేదనీ. నాకు ఈ రికార్డు గురించి ఇంత రాయాలనిపించింది దాని వల్లే.

హారిసన్ వరస అదే. లెనన్, మెకార్ట్నీ జంట మధ్య ఇరుక్కుని మొదటి ఆల్బమ్‌లో ఒక్క పాట కూడా లేదు. తర్వాత కూడా ఉంటే ఒకటో రెండో. 1966లో ‘రివాల్వర్’కి మూడు. 1968లో వచ్చిన 30 పాటల జంట ఆల్బమ్‌లో నాలుగంటే నాలుగు. సింగిల్ మొదటి సైడు మీద ఆయన పాట ఎక్కింది ఒకేసారి, 1969లో ‘సమ్‌థింగ్’తో. అప్పటికి బ్యాండు చివరి దశకి వచ్చేసింది. ఆ పాటని ఫ్రాంక్ సినాట్రా ఎంతో మెచ్చుకుని, అది లెనన్-మెకార్ట్నీలదని సభలో చెప్పేవాడు. ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’ 1966 నాటిది, బీటిల్స్ తీసుకోలేదు. ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ 1969 జనవరిలో నలుగురూ కలిసి ప్రాక్టీసు చేసి వదిలేశారు. ఆయన ఇవి పారేయలేదు. పోట్లాడి బ్యాండును ముందే చీల్చుకోనూ లేదు. రాసుకుంటూ పోయాడు. 1970 నవంబరులో మూడు ఎల్పీల పెట్టె ఒకటి బయటికొచ్చింది. ఇన్నాళ్లూ వద్దన్న ఆ పాటలు అందులోనే ఉన్నాయి.

నీకు రోజూ రాయమనే చెబుతాను. వంతు రానప్పుడు రాసినవే తర్వాత నిన్ను నిలబెడతాయి. దాంతో పాటు ఇంకోటి కూడా చెయ్యి. మీ ముగ్గురి మధ్య మాట్లాడుకుని, ప్రతి ప్రాక్టీసులో ఎవరి పాట ఒకటి ఖచ్చితంగా వాయించాలో ఒప్పందం చేసుకో. అడగకుండా ఊరుకుంటే ఎవరూ ఇవ్వరు. హారిసన్ ఓర్పు నాకిష్టమే, కానీ ఆయన పడినన్నేళ్లు నువ్వు పడనక్కర్లేదు. నీ రికార్డు అంటూ ఒకటి వచ్చినప్పుడు, ఏ పాట ముందుండాలో, ఏది ఉండకూడదో చెప్పే హక్కు కాగితం మీద నీ పేరున ఉండాలి. 2009లో ఆయన భార్య ఒలీవియా పాటలు ఏరిన ‘లెట్ ఇట్ రోల్’ అనే సంకలనం ఉంది. అందులో ‘సమ్‌థింగ్’, ‘హియర్ కమ్స్ ది సన్’, ‘వైల్ మై గిటార్’ బీటిల్స్ రికార్డింగులు కావు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన స్వయంగా పాడినవి. ఇంటివాళ్లు ఏరితే ఏం మారుతుందో రెండూ పక్కపక్కన విని చూడు.

తర్వాత కొనాల్సింది ఆ మూడు ఎల్పీల ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. పాత పెట్టె దొరికితే ముందు మూత తీసి మూడు ప్లేట్లూ ఉన్నాయో లేదో చూసుకుని, రెండో ప్లేటు మీద గీతలు వెలుతురులో పట్టుకుని చూసి, అప్పుడు డబ్బివ్వు. మూడోదంతా స్నేహితులతో సరదాగా వాయించింది, అది కాస్త గీసుకుని ఉన్నా నష్టం లేదు. ఈలోగా ‘ది ఇన్నర్ లైట్’ ఎక్కడన్నా విని, చౌరాసియా వేణువు ఎక్కడొచ్చిందో రాయి. నువ్వు రాసిన కొత్త పాట కూడా పంపు, ఎంత అసంపూర్తిగా ఉన్నా పర్లేదు. పైన తేదీ వెయ్యడం మర్చిపోకు.

అత్తయ్య పంపిన పొడులు చేరాయో లేదో కూడా ఒక ముక్క రాయి. అడుగుతోంది.

ఉంటాను,
మీ మావయ్య